జాలి లేని బండి

ఢిల్లీ మునిర్కాలో మా సందువాళ్లు పొద్దున్నే గడియారం చూడరు. మా తాతయ్య వీరభద్రరావు గొంతు వినిపిస్తే చాలు, కింది వాటా ఆంటీ పాలు పొయ్యి మీద పెడుతుంది. ఆయన రోజూ ఆ వేళకు ఎవరో ఒకరి మీద కేకలేస్తాడు. తన బండికి అడ్డంగా బైకు పెట్టినవాడి మీద, బైకు లేకపోతే అక్కడ పడుకున్న కుక్క మీద. కుక్క కూడా లేని రోజున బండి మీదే.

ఆయన సైన్యంలో లారీలు నడిపి, లారీలు బాగుచేసి, హవల్దారుగా రిటైరయ్యాడు. విజయనగరం వెళ్లిపోకుండా ఢిల్లీలో ఎందుకు ఉండిపోయావని అడిగితే, "అక్కడ నా మాట ఎవడింటాడు?" అంటాడు. ఇక్కడా ఎవరూ వినరు. హిందీవాళ్లకు ఆయన హిందీ తెలుగులా ఉంటుంది, తెలుగువాళ్లకు ఆయన తెలుగు తిట్టులా ఉంటుంది.

రిటైరయ్యాక ఒక చిన్న వ్యాను కొన్నాడు. ముందు రెండు సీట్లు, వెనకంతా సరుకు. మా అమ్మమ్మ సత్యవతి చేసిన దోసెల పిండి, ఆవకాయ, కందిపొడి అందులో వేసుకుని గురుగ్రామ్‌లో తెలుగువాళ్లుండే అపార్ట్‌మెంట్లకు ఇద్దరూ వెళ్లేవారు. బండి నడపడం ఆయన పని. మిగతాదంతా అమ్మమ్మ పని. గేటు దగ్గర దిగి, ఎవరి అత్తగారు వచ్చారో, ఎవరికి కారం పడదో, ఎవరి పిల్లాడు అన్నం మానేశాడో కనుక్కుంటూ ఆవిడ అమ్మేది. పిండి కోసం వచ్చినవాళ్లు పావుగంట కబుర్లు చెప్పి, అడగని ఆవకాయ కూడా పట్టుకుపోయేవారు.

పోయిన చలికాలం అమ్మమ్మ మెట్ల మీద జారింది. మోకాలు విరిగింది. లోపల ప్లేటు వేసి అతికించారు గానీ ఆ కాలు ఇక మడవడానికి రాదు. నడవగలదు, మెట్లు దిగగలదు. బండిలో మాత్రం కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చోవాలంటే మోకాలు మడవాలి. సీటు వెనక్కి జరిపి కాలు చాపుకుందామంటే సీటు జరగదు. దాని వీపుకు ఆనుకుని ఒక అడ్డు ఉంది. కింద సగం ఇనపరేకు, పైన సగం ఇనప వల. ఢిల్లీలో అందరూ దాన్ని జాలీ అంటారు. వెనక సరుకు ముందుకు రాకుండా తాతయ్య తన చేత్తో బిగించిన జాలీ.

"ఆ జాలీ తీయించండి. సీటు వెనక్కి జరుగుతాది," అంది అమ్మమ్మ.

"మతుండే మాట్లాడతన్నావా? వెనకున్నవి బరువైన పిండి డబ్బాలు! బ్రేకేస్తే ఎగిరొచ్చి పుర్రె మీద పడతాయి."

"పడితే నా పుర్రె మీద పడతాయి. మీకేటి?"

"పక్క పుర్రె నాదే!"

తాతయ్య మెడ వెనక ఒక సొట్ట ఉంది. చిన్నప్పుడు నాకది తూటా దెబ్బ అని చెప్పాడు. నేను స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను. నా చదువు మధ్యలో ఆగిపోయింది గానీ ఆ గొప్ప మాత్రం చాలాకాలం ఆగలేదు. చివరికి ఒకరోజు అమ్మమ్మ అసలు సంగతి బయటపెట్టింది. కొండదారిలో తాతయ్య బ్రేకేస్తే, వెనక నుంచి స్పానర్ల పెట్టె ఎగిరొచ్చి తగిలిందట. శత్రువు ఎవరూ లేరు. అందుకే ఆయనకు వెనక ఉన్న ఏ వస్తువు మీదా నమ్మకం లేదు.

సరే, తాతయ్య ఒక్కడే బేరానికి వెళ్లడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర బండి ఆపి హారన్ కొట్టేవాడు. అందరూ ఒకేసారి దిగాలి, వరుసలో నిలబడాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పిండితోపాటు చీవాట్లు. అక్షర అని అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ అక్క ఉంది. ఆవిడ అమ్మమ్మకు ఫోన్ చేసింది.

"ఆంటీ, మీరెప్పుడొస్తారు? అంకుల్ మా ఆయన్ని చొక్కా గుండీలు పెట్టుకుని మళ్లీ రమ్మన్నారు. ఆయన అలిగి పైకొచ్చేశారు. ప్యాకెట్ పిండి కొనేసుకుందాం అంటున్నారు."

ఆ వారం ఒక టవర్ వాళ్లు, తర్వాత ఇంకో టవర్ వాళ్లు మానేశారు. పిండి డబ్బాలు సగం నిండుగానే తిరిగొచ్చేవి. పొద్దున బండి బయలుదేరే చప్పుడు వినిపిస్తే అమ్మమ్మ కిటికీ తలుపు ధడాలున వేసేది. తాతయ్యతో మాట్లాడాలంటే నన్ను మధ్యలో పెట్టేది.

"మనూ, మీ తాతతో చెప్పు. ఆ ఇనపరేకు బండిలో లేదు, నా మొహం మీదుందని చెప్పు."

"మనూ, మీ అమ్మమ్మతో చెప్పు. బతికుంటే మొహం ఉంటాదని చెప్పు."

ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చునే ఉన్నారు. నాకూ ఒళ్లు మండింది. "ముఝే పోస్ట్‌మ్యాన్ సమఝా హై క్యా? నన్ను పోస్ట్‌మ్యాన్ అనుకున్నారా?" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

"మీకు జాలి లేదు!" అని అమ్మమ్మ చివరికి నేరుగా ఆయన మీదే అరిచింది. "బొత్తిగా జాలి లేదు!"

"జాలీ ఉంది కదా అమ్మమ్మా, గొడవంతా దానిగురించే కదా," అన్నాను.

ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఆ నెలలో వాళ్లిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

మర్నాడు బ్రేకులు చూడమని తాతయ్య బండిని సందు చివర దీపు గ్యారేజీలో వదిలి వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్లగానే అమ్మమ్మ నా ఫోన్ లాక్కుని దీపుకి ఫోన్ చేసింది. అమ్మమ్మ హిందీలో ఏ మాట తట్టకపోయినా ఆగదు, అక్కడ తెలుగు మాట పెట్టేసి ముందుకు పోతుంది.

"దీపూ బేటా, అంకుల్ కో జాలి నహీ. బిల్కుల్ జాలి నహీ. తుమ్ తో థోడా జాలి దిఖావో."

ఆవిడ ఉద్దేశం, ఆయనకు జాలి లేదు, నువ్వయినా కాస్త జాలి చూపించు అని. దీపు చెవికి చేరింది వేరు. అంకుల్‌కి జాలీ వద్దు, ఆంటీకి జాలీ చూపించాలి.

"జాలీ? అచ్ఛా ఆంటీ, అభీ దిఖాతా హూఁ," అన్నాడు, ఇప్పుడే చూపిస్తానని.

నేను పక్కనే ఉన్నాను. నాకు రెండు భాషలూ వచ్చు. సరిదిద్దాల్సిన ఆ సమయానికే దగ్గొచ్చింది.

తాతయ్య ఉప్మా తింటుండగా మెట్ల మీద గోడలు గీసుకుపోతున్న చప్పుడు. దీపు జాలీని నెత్తిన పెట్టుకుని మా మొదటి అంతస్తుకు మోసుకొచ్చి, అమ్మమ్మ మంచానికి ఆనించాడు.

"యే లో ఆంటీ, దేఖ్ లో. ఏక్‌దమ్ మజ్‌బూత్ హై." చూసుకోండి, చాలా గట్టిది అని భరోసా కూడా ఇచ్చాడు.

తాతయ్య చేతిలో చెంచా చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన కేకకు కింది వాటా ఆంటీ రెండోసారి పాలు పెట్టి ఉంటుంది.

"ఎవడు తీయమన్నాడ్రా?"

"ఆంటీ నే బోలా!" దీపు నా వెనక నక్కాడు.

"ఏటన్నావు నువ్వు?"

"జాలి చూపించమన్నాను," అంది అమ్మమ్మ. "చూపించాడు. మీరేనాడైనా చూపించారా?"

తాతయ్య జాలీని దీపు నెత్తికే ఎత్తించి కిందికి పరిగెత్తాడు. మళ్లీ బిగిద్దామంటే బోల్టులు లేవు. తుప్పుపట్టాయని దీపు కోసి పారేశాడు. తాతయ్య వాడి వంశాన్ని వరుసగా తలుచుకుంటుండగా అమ్మమ్మ నా భుజం, గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. బండి తలుపు తీసింది. సీటు వెనక్కి జరిపింది. ఎక్కి కూర్చుని, మడవరాని కాలు హాయిగా ముందుకు చాపి, తలుపు వేసుకుంది.

"దిగు."

"దిగను."

"చెప్తన్నాను, దిగు!"

"నా బేరాలన్నీ పాడుచేసి తెచ్చారు. నేనెళ్లి బాగుచేసుకుంటాను. మీరు నడిపితే నడపండి, లేపోతే దీపు నడుపుతాడు."

దీపు ఒక అడుగు వెనక్కి వేశాడు. సందంతా చూస్తోంది. తాతయ్య చెయ్యి తనంతట తానే మెడ వెనక సొట్ట మీదికి పోయింది. తర్వాత నావైపు తిరిగి, తప్పంతా నాదైనట్టు అరిచాడు.

"చూస్తావేటి? తాళ్లు పట్రా!"

ఆ రోజు ఒక్కో పిండి డబ్బాను ఖైదీని కట్టినట్టు కట్టాడు. ఒక్కో ముడికి ఒక్కో తిట్టు. డబ్బాల మధ్య నన్ను కూర్చోబెట్టి, "కదిల్తే నిన్నూ కడతాను" అన్నాడు. గురుగ్రామ్ దారిలో ఎడ్లబండి వేగంతో నడిపాడు. వెనకవాళ్లు హారన్లు కొడితే తల బయటపెట్టి అందరికీ జవాబు చెప్పాడు. ఇంతలో ఒక ఆటో అడ్డంగా దూరింది. తాతయ్య బ్రేకు తొక్కాడు.

తాళ్లు గట్టివి. ఒక్క డబ్బా కూడా కదల్లేదు. కానీ ఆయన డబ్బాలు కట్టాడు గానీ మూతలు కట్టలేదు. ఒక మూత ఎగిరింది. చల్లటి దోసెల పిండి ముద్ద గాల్లో లేచి, సరిగ్గా తాతయ్య మెడ వెనక సొట్టలో పడింది.

పిండి నెమ్మదిగా కాలర్‌లోకి దిగుతోంది.

"తూటా తగిలిందేటండీ?" అంది అమ్మమ్మ.

ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. అమ్మమ్మ పమిట చెంగుతో మెడ తుడుస్తూనే ఉంది, ఆయన తిడుతూనే ఉన్నాడు. అక్షర వాళ్ల గేటు వచ్చేదాకా ఇద్దరూ ఆపలేదు.

జాలీ ఇప్పుడు మా డాబా మీద ఉంది. అమ్మమ్మ దాని మీద ఊరమిరపకాయలు ఆరబెడుతోంది. తాతయ్య కొత్త బోల్టులు తెచ్చి బండిలో పడేశాడు, రేపు బిగించేస్తానని రోజూ బెదిరిస్తాడు. పొద్దున్నే కింద నుంచి కేక.

"సత్యవతీ! బండి ఎల్లిపోతోంది! నీకోసం ఆగేదే లేదు!"

అమ్మమ్మ తీరిగ్గా జుట్టు ముడేసుకుని, ఒక్కో మెట్టూ దిగుతుంది. ఆవిడ వచ్చేలోపు తాతయ్య ఎడమవైపు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంచుతాడు. ఎవరైనా చూస్తే, కుక్కను అదిలిస్తున్నట్టు నటిస్తాడు.