అట్ట వెనక బాపు రాత

ఆదివారం పొద్దున మా తమ్ముడి ముందుగదిలోకి అడుగుపెడితే దవాఖానలో ఆపరేషన్ గదిలోకి పోయినట్టే ఉంటుంది. నలుగురు మగాళ్లు, అందరికీ నలభై ఐదు దాటింది, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని బల్ల చుట్టూ కూర్చుంటారు. చెమటలు కారుతున్నా ఫ్యాన్ వేయరు, గాలికి అవి ఎగిరిపోతాయని భయం. అవి అంటే ఏమిటనుకున్నారు? చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో ఊరికే వచ్చిన క్రికెట్ బొమ్మల అట్టలు.

"అక్కా, చాయ్ జర దూరం పెట్టు. ఆవిరి తగుల్తది," అంటాడు మా తమ్ముడు.

ఆవిరి తగుల్తదట! కన్నకూతురికి నూటమూడు జ్వరం వస్తే గోలీ వేసి పడుకోబెట్టి ఇదే బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్న మనిషి. ఆ నలుగురిలో పెద్దాయన ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన సారు. ఆయన పని భూతద్దంతో అట్టల మూలలు చూడడం. మూల సూదిమొనంత నలిగినా నాలుక చప్పరిస్తాడు. ఆయన చొక్కా కాలరు చిరిగి దారాలు వేలాడుతుంటాయి, అది మాత్రం ఏ భూతద్దంలోనూ కనపడదు.

"మూల పోయింది తమ్మీ," అంటాడు, ఇంట్లో మనిషి పోయినంత బాధగా. మిగిలిన ముగ్గురూ తలలు దించుకుంటారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నవ్వాపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. సిగ్గు లేకపోతే సరి అనుకునేదాన్ని.

ఆ అట్టలు నాకు తెలియనివి కావు. మా చిన్నప్పుడు కొత్తవాడలో మా ఇల్లంటే ఒక మగ్గం, దాని చుట్టూ మిగిలిన చోట మేము. మా బాపు జంపఖానాలు నేసేవాడు. తమ్ముడు చేతిలో ఎంత చిల్లర పడితే అంతా బబుల్‌గమ్‌కే. గమ్ నమిలేది కాసేపు, అట్టను ముద్దు చేసేది రోజంతా. ముందువైపు బ్యాటు పట్టుకున్న ఎవడో ఒకడి రంగు బొమ్మ. వెనక ఏమీ ఉండేది కాదు, ఉత్త బూడిదరంగు అట్ట. ఆ ఖాళీ మా బాపుకు బాగా పనికొచ్చింది.

నేత లెక్క కాగితం మీద రాస్తే చెమట చేతులకు నాని చినిగిపోతుంది. అట్ట అయితే పడుగు దారాల మధ్య నిలబెట్టుకోవచ్చు, కళ్లెదురుగా ఉంటుంది. అడ్డంగా నేసే ఎర్ర పేక ఎన్ని వరసలు, నల్ల పేక ఎన్ని వరసలు, ఎక్కడ మలపాలి అన్నీ చెవి వెనక పెన్సిల్ తీసి తమ్ముడి అట్టల వెనక రాసుకునేవాడు. అది చూసి వీడు నేల మీద పడి కాళ్లు కొట్టుకుని ఏడ్చేవాడు.

"అక్కా, బాపు నా అట్టల మీద రాస్తాండే!"

"బొమ్మ ముంగటున్నది గదరా. అది నీది. ఎన్కది నాకియ్యి," అనేవాడు బాపు, మగ్గం ఆపకుండానే.

బాపు నేతలో పేరుపడ్డది మెట్ల అంచు. ఎర్ర నేల మీద నల్ల మెట్లు పైకి ఎక్కుతూ పోతాయి. మిగతావాళ్ల అంచులు మూల దగ్గరికి వచ్చి తెగిపోయేవి. బాపు మెట్లు మూల తిరిగి మళ్లీ ఎక్కేవి, నాలుగు పక్కలా ఒక్కచోట కూడా తెగకుండా. చూసినవాళ్లు మూల దగ్గరే కూర్చుని వేలితో తడిమి చూసేవాళ్లు. నేను పేక కొట్టడం నేర్చుకున్నాను, రంగులు అద్దడం నేర్చుకున్నాను. లెక్క మాత్రం నేర్చుకోలేదు. బాపు ఉన్నాడు కదా, అడిగితే చెప్తాడు అనుకున్నాను.

బాపు చనిపోయిన ఏడాది ఇంటి రేకులు తీసి స్లాబు వేయించాం. అటక మీద నుంచి ఒక బిస్కెట్ డబ్బా దొర్లింది. ఊపితే గలగలలాడింది. అట్టలే అని తెలిసింది, ఒళ్లు మండింది. ఇంటి మీద ఇటుకలు మోసే రోజు ఈ చెత్త ఒకటి!

"అగో, నీ ఆస్తి. తీస్కపోతవా, మోరీల పారెయ్యాల్నా?" అని తమ్ముడి మీదికి విసిరాను. మూత కూడా తీసి చూడలేదు.

వాడు ఆ డబ్బాను ఎదకు అదుముకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బాపు పాడె లేచినప్పుడు కూడా అంత ఏడ్వలేదని మా ఆయనతో చెప్పి మరీ నవ్వాను. తర్వాత వాడు హన్మకొండలో ఇల్లు తీసుకున్నాడు, ఫోన్‌లో ఇలాంటి అట్టలు పోగేసేవాళ్ల గ్రూపులో చేరాడు, సారు తోడయ్యాడు, తెల్ల తొడుగులు వచ్చాయి. నేను ఎప్పుడు పోయినా నవ్వి వచ్చేదాన్ని.

మొన్న శ్రావణంలో హైదరాబాద్ నుంచి ఒకావిడ మా మగ్గం వెతుక్కుంటూ వచ్చింది. చిన్నప్పుడు తన తల్లి ఇంట్లో మెట్ల అంచు జంపఖానా ఉండేదట, దాన్ని చెదలు తినేశాయట, అలాంటిదే కావాలంది. మా ఇంట్లో కూడా ఒక్కటి మిగల్లేదు. నేసింది నేసినట్టు అమ్ముకుని బతికినవాళ్లం.

"అది మా బాపుదమ్మా. నేను నేస్తా," అన్నాను. అంత గర్వంగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మూడుసార్లు నేశాను, మూడుసార్లు విప్పాను. మెట్లు మూల దాకా బాగానే వచ్చేవి, అక్కడికి రాగానే గుడ్డివాళ్లలాగా ఒకదాన్నొకటి గుద్దుకునేవి. నాలుగోసారి పేక పట్టుకుని కూర్చుని, బాపు ఇక్కడ ఎటు చూసేవాడు అని కళ్లు మూసుకున్నాను. పడుగు దారాల మధ్య నిలబెట్టిన అట్ట కనిపించింది. లెక్క అంతా ఆ డబ్బాలో ఉంది! కాళ్లు కడుక్కోకుండా, రంగు అంటిన చేతులతోనే ఆటో ఎక్కాను.

ఆదివారమే. నలుగురూ ఉన్నారు.

"తమ్మీ, మనింటి అట్టలు తియ్యి. బాపు అట్టలు," అన్నాను.

వాడి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లకు అక్క అడిగింది! లోపలికి ఉరికి లావాటి ఆల్బం తెచ్చాడు. ఒక్కో అట్టకు ఒక్కో ప్లాస్టిక్ తొడుగు. నేను ఒకటి తిప్పాను. బూడిదరంగు. ఇంకొకటి తిప్పాను. బూడిదరంగు. పేజీలకు పేజీలు తిప్పాను.

"రాతలేవిరా?"

"ఒక్క గీత కనవడ్తదా చూడు!" అన్నాడు వాడు సంబరంగా. "మెత్తటి రబ్బర్ తోటి మూడు నెలలు రుద్దిన అక్కా. పెన్సిల్ నొక్కులు కూడ పోవాల్నని లావు పుస్తకాల కింద పెట్టిన. సారే నేర్పిండు."

"వెనక మార్కుంటే ఎవ్వరు ముట్టుకోరమ్మా," అన్నాడు సారు. "మీ తమ్మునిది బంగారం లాంటి చెయ్యి."

ఆల్బం బల్ల మీద పడేశాను. ఇక నా నోరు ఆగలేదు.

"అది బాపు రాతరా! మెట్ల అంచు లెక్కరా! మూడు నెలలు కూసోని బాపును రుద్ది పారేసినవా? ఎవడో బ్యాటు పట్టిన మొగోని మొహానికి ప్లాస్టిక్ బట్టలు తొడిగి, కన్నతండ్రి చేతిరాతను రబ్బరు పొట్టు చేసి ఊదినవా? థూ! మీ తొడుగులకు నిప్పు వెట్ట!"

సారు తొడుగులు విప్పుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తమ్ముడు పిడికెడంత అయిపోయాడు.

"నాకేం తెల్సే అక్కా," అన్నాడు. "డబ్బా నువ్వే ఇచ్చినవ్ గదా. మోరీల పారెయ్యాల్నా అన్నవ్."

అన్నది నేనే. వాడు వెనక వైపు చూసి కూడా తుడిచేశాడు. నేను మూతే తీయలేదు. బాపు రాతను మోరీలో పారేయడానికి సిద్ధపడ్డదాన్ని నేనే. ఆ గదిలో అందరికంటే గుడ్డిదాన్ని నేనేనని తెలిసి అక్కడే కింద కూర్చుండిపోయాను.

తమ్ముడు లోపలికి పోయి ఒక క్యారీబ్యాగు తెచ్చాడు. పనికిరానివట. నీళ్లు తగిలినవి, మూలలు విరిగినవి, ఎలుకలు కొరికినవి. వాటిలో చాలా వాటికి వెనక ఏమీ లేదు. అడుగున ఒక్కటి, సగానికి మడత పడింది, బాగు చేసినా దండగని వాడు రబ్బరు పెట్టనిది. దాని వెనక బాపు గుండ్రటి పెన్సిల్ అక్షరాలు.

'ఏడో మెట్టు. నలుపు 4, ఎరుపు 6. మూల కాడ ఒక పోగు ఇడ్వాలె.'

అంతే. మొదటి ఆరు మెట్లు లేవు. ఏడు తర్వాత ఎన్నో తెలియదు. మూల తిరగడానికి ఒక్కో మెట్టుకు ఒక్కో లెక్క, ఒక్క మెట్టుతో అంచు నడవదు. హైదరాబాద్ ఆవిడకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి నాతో కాదమ్మా అని చెప్పాను.

కానీ అప్పుడు, ఆ గదిలో, నా వేళ్లకు ఎర్ర రంగు ఉందని గుర్తొచ్చింది. అట్టకు అంటుతుందేమోనని చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఫ్యాన్ బంజెయ్యిండ్రి," అన్నాను. ఎప్పుడో ఆపే ఉంది. "తమ్మీ, నాకు గా తొడుగులియ్యి. ఒక ప్లాస్టిక్ కవర్ గూడ ఇయ్యి."

ఎవరూ నవ్వలేదు. సారు తన తొడుగులే అందించాడు. అట్టను కవర్లో దూర్చి, రాత పైకి కనపడేటట్టు పెట్టుకున్నాను. ఇప్పుడది మా మగ్గం ఎదురుగా గోడకు ఉంది. దాని మీద ఎవడి బొమ్మ ఉందో నేను ఇప్పటికీ చూడలేదు.