రెండు కళ్ళ కెమెరా, ఒక్క బల్బు

మొన్న తెల్లాపూర్‌లో మా అక్క, అంటే పెదనాన్న కూతురు, తన బిడ్డ పుట్టినరోజు చేస్తే, దీపాలార్పిన హాల్లో ఆ పిల్లే ఫోను ఎత్తి అందరినీ ఫోటో తీసేసింది. ఫ్లాష్ ఊసే లేదు, ఎవరినీ జరగమన్నదీ లేదు. నాకు మాత్రం ఆ పిల్లకు పేరు పెట్టిన రోజు గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. నేను హఫీజ్‌పేట్‌లో ఫోటో స్టూడియోలో పనిచేస్తూ, పాతసామాన్ల దుకాణంలో ఒక రెండు కళ్ళ ఫిల్మ్ కెమెరా సంపాదించాను. అది ఒకేసారి రెండు బొమ్మలు తీస్తుంది. వాటిని దాంతో వచ్చిన అద్దాల డబ్బాలో పెట్టి రెండు కళ్ళతో చూస్తే మనుషులు ముందూ వెనకా నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటారు. ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోతుంది గానీ, ఓసారి ఆ వెలుగు చూసి రైల్‌రోకోలో ఆగిన ఎంఎంటీఎస్ లోకల్ రైలు డ్రైవరు సిగ్నల్ పడిందనుకుని బండి కదిలించాడు. నమ్మకపోతే మీ ఇష్టం, మావాళ్ళూ నమ్మలేదు.

పిల్లకు పేరు పెట్టేనాటికి నా దగ్గర మిగిలింది ఒక్క బల్బే. లింగంపల్లిలో పెదనాన్న ఇంట్లో ఆ రాత్రి కరెంటు పోయి, చిన్న దీపం వెలుగే ఉంది. రాష్ట్రం విడిపోవాలని పెదనాన్న, వద్దని కోస్తా నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే బావ, మాటా మాటా పెరిగి నెలల తరబడి పలకరించుకోవడం మానేశారు. ఇద్దరూ తన బిడ్డతో ఒకే బొమ్మలో ఉండాలని అక్క ఆశ. సరేనన్నారు గానీ, వరుసలో చెరో చివర నిలబడతామన్నారు.

ఫ్లాష్‌తో చిక్కేమిటంటే, దగ్గరివాళ్ళు సున్నం కొట్టినట్టవుతారు, దూరంవాళ్ళు చీకట్లో కలిసిపోతారు. అందుకని కెమెరా స్టాండుకు పురికొస కట్టి, ఒక్కొక్కరి దాకా లాగి కొలిచి, అందరినీ నెలవంకలా నిలబెట్టాను.

"ఏందిరా గిది, బర్ల లెక్క తాడుతోని కొలుస్తున్నవ్?" అన్నాడు పెదనాన్న.

తీరా వరుస వంపు తిరిగేసరికి, చెరో చివరకూ పోయిన ఆ ఇద్దరి మధ్యా అడ్డం ఎవరూ లేకుండా పోయారు. తల కాస్త తిప్పితే ఎదుట రెండోవాడి ముఖమే. పెదనాన్న కొలత దాటి ముందుకు జరగడం బావే ముందు చూశాడు.

"మావయ్యగారూ, కాస్త వెనక్కి జరగండి. తెల్లగా పాలిపోయి పడతారు."

అక్క బిడ్డను హత్తుకుంది.

"నువ్వే జర ముందుకు రా అల్లుడా, చీకట్ల కలుస్తవ్."

అంతే, మీట నొక్కేశాను.

ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరుంది. అందరూ కెమెరాను చూస్తుంటే వాళ్ళిద్దరే ఒకరినొకరు చూసుకుంటున్నారు. పెదనాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పటి ఫోన్లలో ఎవరు ఎక్కడ నిలబడ్డా వెలుగులోనే పడతారు; నువ్వు వెనక్కి జరుగు, నువ్వు ముందుకు రా అని ఒకరికొకరు చెప్పుకునే పనే లేకుండా పోయింది.