జంగయ్య నోటి ఖతం

మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీ ఎప్పుడు కదలాలో నిర్ణయించేది ఓనరూ కాదు, డ్రైవరూ కాదు, హమాలీ జంగయ్య. ఆఖరి బస్తా లారీ మీద పడగానే ఆయన "ఖతం" అని ఒక్క కేక పెడతాడు. ఆ కేక చెవిన పడందే ఏ డ్రైవరూ ఇంజన్ స్టార్ట్ చేయడు. ఒకసారి ఆ కేక రైల్వే స్టేషన్ దాకా పోయిందట. గార్డు తనకే చెప్పారనుకుని పచ్చజెండా ఊపేస్తే గుంటూరు పాసింజరు ఐదు నిమిషాలు ముందే బయల్దేరి, టిఫిన్ కోసం దిగిన సగం మంది ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారట. అట్లా మిగిలిపోయిన మనిషి ఒక్కడూ ఇంతవరకు ఎవరికీ కనపడలేదు. అయినా ఆ కథ చెప్పింది జంగయ్యే గనక, కాదనడానికి మిల్లులో ఎవరికీ మనసొప్పలేదు.

ఆ మాట లారీల దగ్గరే ఆగితే బాగుండేది. తిన్నావా అంటే ఖతం. జ్వరం తగ్గిందా అంటే ఖతం. పదేళ్ల కాపురం తర్వాత భార్య ఎందుకు వెళ్లిపోయిందని ఎవరైనా అడిగితే కూడా అదే మాట, కాకపోతే కొంచెం మెల్లగా.

చెల్లెలు నీలా భర్త రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు ఆమె కూతురు సంతోషి ఐదో తరగతి. మునగాల దగ్గరి ఊరి నుంచి ఇద్దరినీ తన రెండు గదుల ఇంటికి తెచ్చుకున్నాడు జంగయ్య. పిల్లను బస్తా మోసే భుజం మీదే కూర్చోబెట్టుకుని బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచాడు. ఐదో తరగతి పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల చదువే ఆయన బతుకు. కాలేజీలో ఎన్‌సీసీలో చేరతానంటే, బూట్లకు పాలిష్ ఆయనే పట్టేవాడు. ఆ పాలిష్‌లో చూసుకుని కానిస్టేబుళ్లు మీసాలు దువ్వుకునేవాళ్లని చెప్పేవాడు.

డిగ్రీ అయ్యాక సంతోషి సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు అప్లికేషన్ పెట్టింది. ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రాతపరీక్ష లేదు, నేరుగా ఇంటర్వ్యూయే. బెంగుళూరులో ఐదు రోజులు పరిగెత్తించారు, మాట్లాడించారు, గోడలు ఎక్కించారు. ఆ గుంపులోంచి నలుగురిని తీసుకుంటే అందులో మిర్యాలగూడ హమాలీ మేనకోడలు ఒకతె. డాక్టర్ల పరీక్షలూ దాటింది. మెరిట్ లిస్టులో పేరు వచ్చిననాడు మిల్లులో అందరికీ చాయ్ పోయించి, అమ్మాయి పరేడ్‌లో ఆర్డరు వేస్తే సాగర్ కాల్వలో నీళ్లు కూడా ఆగి నిలబడతాయని, ఆ గొంతు తన పోలికేనని జంగయ్య చెప్పాడు. ఇక పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది.

ఇంత సంబరం కింద ఒక గ్లాసెడు కల్లు దాగి ఉంది.

అంతకుముందు ఎండాకాలంలో జంగయ్య తల్లి గోపమ్మ చనిపోయింది. పదోనాడు మునగాల అవతలున్న సొంతూళ్లో ఆమె పేరిట అన్నం ముద్దలు పెట్టి, చెంబుతో తాటికల్లు సాక పోశారు. పోయిన మనిషికి ఇష్టమైన కల్లును నేల మీద ధారగా పోయడమే సాక. చెంబులో మిగిలింది ఇంటివాళ్లు తలా ఇంత తాగాలి. అది ఆమె చేతి ప్రసాదం లాంటిది. వరసగా అందరూ తాగారు. జంగయ్య తన వంతుతో పాటు మొహమాటపడిన వాళ్ల వంతులూ కానిచ్చి సంతోషి ముందు గ్లాసు పెట్టాడు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి ముట్టలేదు.

"నేను బండి నడపాలె మామా," అంది.

"కల్లు మందైతదా బిడ్డా? మీ అమ్మమ్మ నిన్ను సూసుకుంటనే పోయింది. నువ్వు ముట్టకపోతే దాని పానం గీడనే తిరుగుతది."

సంతోషి కళ్లు మూసుకుని గ్లాసు మొత్తం దించింది. తిరిగి వచ్చేటప్పుడు మామ స్కూటీ నడిపే స్థితిలో లేడని తానే హ్యాండిల్ పట్టింది. వెనక జంగయ్య పాట ఎత్తుకున్నాడు. పట్టపగలు, నాలుగు గంటలప్పుడు, మునగాల దాటక ముందే హైవే మీద పోలీసులు ఆపారు. పొద్దున అక్కడే ఏదో యాక్సిడెంట్ అయిందట, వచ్చిన ప్రతి బండినీ ఆపి మిషన్ ఊదిస్తున్నారు. ఆడపిల్ల కదా అని మొక్కుబడిగానే ఆమె నోటి ముందు మిషన్ పెట్టారు. అది మోగింది. ఊదించిన మనిషే నమ్మలేక ఇంకోసారి ఊదమన్నాడు. మళ్లీ మోగింది. ఆమెకు మూడింతలు తాగి వెనక కూర్చున్నవాడిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. వెనక కూర్చున్నవాడి కడుపుతో చట్టానికి పని లేదు.

వారం తర్వాత కోదాడ కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టింది. బయటికి వస్తూ జంగయ్య గుమాస్తాను అడిగాడు, ఇంకేమైనా ఉందా అని. అతను తల ఎత్తకుండానే, "అయిపోయిందండీ, వెళ్లండి," అన్నాడు. అది కోర్టు మాట. మెట్లు దిగేసరికి జంగయ్య దాన్ని తన మాటలోకి మార్చేసుకున్నాడు.

"ఖతం బిడ్డా. మర్సిపో."

బెంగుళూరు నుంచి వచ్చాక పోలీసు విచారణ కోసం ఒక ఫారం నింపాల్సి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీ మీద కేసు నడిచిందా, కోర్టు జరిమానా వేసిందా? ఫారం పైన పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక కూడా ఉంది, తప్పు రాసినా, దాచినా ఎంపిక రద్దు అని. సంతోషి నెట్ సెంటర్‌లో ఆ ప్రశ్న దగ్గర ఆగి మామకు ఫోన్ చేసింది. జంగయ్య అప్పుడు వీపు మీద బస్తాతో ఉన్నాడు, ఫోన్ వేరేవాళ్లు చెవి దగ్గర పట్టుకున్నారు. ఖతమైనదాన్ని ఉన్నదని రాస్తే అదే అబద్ధమైతది గదా అన్నాడు. ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు. బస్తా దించితే దించినట్టే, లారీ పోతే పోయినట్టే. ఆయన చూసిన లోకంలో ముగిసినది మళ్లీ ఎక్కడా కనపడదు. సంతోషి 'లేదు' అని రాసింది.

విచారణకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ సురేష్ నెమ్మదైన మనిషి. చాయ్ తాగుతూ ఊరు, చదువు, ఇల్లు అన్నీ రాసుకున్నాడు. ఇంత పేదింట్లోంచి ఆఫీసర్ అవుతున్నావని సంతోషిని మెచ్చుకున్నాడు. చివరగా, ఏ స్టేషన్‌లోనూ కేసులేమీ లేవు కదా అని, 'లేవు' అని రాసుకోవడానికి పెన్ను ముందే ఆనించి అడిగాడు.

సంతోషి నోరు తెరిచింది. జంగయ్య ఆమెకన్నా ముందు తెరిచాడు.

"ఏం లేవు సార్. ఉన్న ఒక్కటి గూడ ఖతం."

పెన్ను ఆగింది. సురేష్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఉన్న ఒక్కటి అంటే?"

మిగతాది సంతోషే చెప్పింది, నిలబడి, చేతులు పక్కకు పెట్టుకుని, ఒక్క మాట దాచకుండా. సురేష్ ఫారం కాపీ తీసి, ఆ ప్రశ్న దగ్గర వేలు పెట్టాడు.

"ఒక్కసారి పడిన జరిమానా తల్లీ. రాసి ఉంటే వాళ్లు అడిగేటోళ్లు, నువ్వు చెప్పేదానివి, ఇడిసిపెడుతుండిరేమో. నాకు తెల్వదు. గని 'లేదు' అని రాసినవ్ సూడు, అది కల్లు కన్నా పెద్దది."

సోమవారం తన రిపోర్టు పోవాలని, అందులో ఉన్నదే రాస్తానని చెప్పాడు. ఆ లోపల ఆమే స్వయంగా సైన్యం ఆఫీసుకు నిజం రాసి, కోర్టు తీర్పు కాపీ జత చేస్తే మంచిదని, ఫలితం ఉంటుందని మాత్రం అనలేనని చెప్పి బండెక్కాడు. జంగయ్య గేటు దాకా వెంబడి పరిగెత్తి, సన్నబియ్యం ఒక బస్తా ఇంటికి పంపిస్తానన్నాడు. సురేష్ ఆయన వైపు జాలిగా చూశాడు. ఆ చూపు కన్నా తిట్టి ఉంటేనే బాగుండేదని జంగయ్యకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే జంగయ్య కోదాడ బస్సెక్కాడు. తీర్పు కాపీ కోసమని సంతోషికి చెప్పాడు. మనసులో వేరే ఉంది. కాపీలు ఇచ్చే సెక్షన్‌లో పూర్ణిమ అనే ఉద్యోగిని ఉంది. ఆమె కిటికీ ముందు నిలబడి, రిజిస్టర్‌లో ఆ ఒక్క లైను గీకేయమని బతిమాలాడు. కేసు ఖతమని ఇదే కోర్టులో చెప్పారని, ఖతమైనదాన్ని ఉంచుకుని మీరేం చేసుకుంటారని అడిగాడు.

"ఖతమంటే తీర్పు రాసి భద్రంగా దాచామని అర్థం, బాబాయ్," అంది ఆమె. "నడుస్తున్న కేసైతే కొట్టేస్తారేమోనన్న ఆశన్నా ఉంటుంది. ముగిసిన కేసే ఎప్పటికీ ఉండిపోయేది."

జంగయ్య కిటికీ ఊచలు పట్టుకుని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా రోజుకు పదిసార్లు వాడిన తన మాటే. ఎవరో బస్తా కింది నుంచి కోసినట్టు లోపలిదంతా జారిపోయింది.

కాపీ తీసుకుని అటునుంచి అటే సూర్యాపేట పోయాడు. మిల్లులో ఎవరో చెప్పిన వకీలు నగేష్‌ను పట్టుకుని, బండి నడిపింది తానేనని ప్రమాణపత్రం రాయించమన్నాడు. మేనకోడలు వెనక కూర్చుందని, పోలీసులు పొరపాటున ఆమెను ఊదించారని, ఆ పొరపాటు ఎట్లా జరిగిందో కూడా కథ కట్టాడు. మబ్బు పట్టిందన్నాడు. హెల్మెట్లు మారిపోయాయన్నాడు. తన జీవితంలో అంత బాగా కుదిరిన అబద్ధం ఇంకోటి లేదు. వకీలు అంతా ఓపికగా విన్నాడు. తర్వాత జంగయ్య కోర్టు నుంచి తెచ్చిన కేసు కాగితాలు తిరగేసి ఒక ఫొటో చూపించాడు. సంతోషి మిషన్ ఊదుతోంది. చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయి. ఆమె భుజం వెనక నుంచి జంగయ్య ముఖం, ఏదో పెళ్లి ఫొటో అనుకున్నట్టు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"నవ్వుతున్నది నువ్వే గదా?" అన్నాడు వకీలు.

జంగయ్య అవునని తల ఊపాడు. ఇక చెప్పడానికి కథలు మిగల్లేదు.

తిరిగి వస్తుంటే బస్సు మునగాల దగ్గర ఆగింది. ఆ రోజు పోలీసులు ఆపిన చోటు కిటికీలోంచి కనపడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. గోపమ్మ బతికున్నప్పుడు నోరు అదుపులో పెట్టుకోమని ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

ఇంటికి చేరేసరికి సంతోషి ఉత్తరం రాసేసింది. తెచ్చిన కాపీ అందుకుని, జత చేసి, ఇంగ్లీషులో రాసినదాన్ని మామకు తెలుగులో చదివి వినిపించింది. అమ్మమ్మ పదోనాడు కల్లు తాగి బండి నడిపానని, కోర్టు జరిమానా వేసిందని, అది తెలిసి కూడా 'లేదు' అని రాయడం తన తప్పని ఉంది. గ్లాసు ఇచ్చిందెవరో లేదు. 'లేదు' అని రాయమన్నదెవరో లేదు.

"నా పేరు ఏది?" అన్నాడు జంగయ్య. "రాయి. పోసింది నేను, రాయమన్నది నేను. మామ నోరే ఇంత జేసిందని రాయి."

"గ్లాసు నీదే మామా," అంది సంతోషి. "తాగిన నోరు నాది. రాసిన చెయ్యి నాది."

ఆమె గొంతు పెంచలేదు. నీలా వంటగదిలోంచి రాలేదు, గిన్నెల చప్పుడు మాత్రం ఆగింది. జంగయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తన పేరు రాసి ఉంటే కొంతైనా మోసినట్టుండేది. ఆ పిల్ల అంతా తానే ఎత్తుకుంది, ఆయనకు పట్టుకోవడానికి ఒక కొస కూడా ఇవ్వకుండా.

ఉత్తరం శనివారం పోయింది. రిపోర్టు సోమవారం పోయింది. తర్వాత రోజులు పోయాయి. సంతోషి రోజూ తెల్లవారుజామున గ్రౌండ్‌లో పరుగు మానలేదు. బూట్లకు పాలిష్ పట్టడం జంగయ్య మానలేదు, కాకపోతే ఇప్పుడు వాటి మీద కథలు చెప్పడం లేదు. శిక్షణ మొదలయ్యే తేదీ వచ్చింది, దాటింది. మిల్లులో ఎవరైనా మేడమ్ ఎప్పుడు బయల్దేరుతుందని అడిగితే ఆయన బస్తా కిందికి దూరేవాడు.

ఒక మధ్యాహ్నం చెన్నై పోయే లారీ నింపుతుంటే సంతోషి మిల్లు గేట్లోంచి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. జంగయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని ఎదురు నడిచాడు. ఖతమా అన్న మాట నాలుక మీదికి వచ్చింది. దాన్ని అడగడానికి భయమేసింది.

"రద్దు జేసిండ్రు మామా," అంది ఆమె. "తాగినందుకు గాదు. 'లేదు' అని రాసినందుకు."

పైన ఇద్దరు హమాలీలు బస్తాలు సర్దుతున్నారు. ఊక దుమ్ము ఇద్దరి మధ్య మెల్లగా దిగుతోంది.

"మల్ల పెట్టొచ్చా?"

"ఇంకొక్కపారి. గంతకే వయసున్నది. గని ఈసారి రెండు తాన్ల 'అవును' అని రాయాలె."

"రెండోది ఏంది?"

"ఇంతకుముందు మీ ఎంపిక ఎప్పుడన్న రద్దయిందా అని అడుగుతరు."

జంగయ్య తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు.

"రెండూ రాస్తే తీస్కుంటరా?"

"తెల్వదు మామా."

ఆమె వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది, నడక మాత్రం పరేడ్‌లో నడిచినట్టే ఉంది.

ఆఖరి బస్తా లారీ మీద పడింది. పైనున్నవాళ్లు చేతులు దులుపుకుని కిందికి చూశారు. క్యాబిన్‌లో డ్రైవరు తాళంచెవి మీద చెయ్యి పెట్టి కేక కోసం ఎదురుచూస్తున్నాడు. జంగయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. బయటికి వచ్చింది గాలే.

"అయిందా జంగన్నా?" అని డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

జంగయ్య బస్తాల చుట్టూ ఒకసారి తిరిగి, తాళ్లు లాగి చూసి, క్యాబిన్ దగ్గరికి వచ్చి, పొమ్మన్నట్టు డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. డ్రైవరుకు అర్థం కాలేదు. ఇంకా కేక కోసమే చూస్తున్నాడు.