అమ్మ నోరు తెరిపించిన నా సాక్ష్యం

నిండు ప్రార్థన కూడికలో, నలభై మంది ఎదుట, కన్నతల్లి చేతే పరువు తీయించుకున్న మొనగాణ్ణి నేను. ఎలాగో చెబుతాను వినండి. నవ్వొస్తే ఆపుకోకండి, ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. తెలుగులో సగం హిందీ కలిసిపోయే మా బ్రూక్షాబాద్‌లో సిమెంటు, ఇనుము అమ్మే చిన్న కొట్టు, దానికి పదింతలు గొప్పలు. ఆ ఏడాది అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మూడు నెలలైనా "ఊఁ" తప్ప మరో మాట లేదు. రోజూ చెంచా చూపించి "అమ్మా, ఇదేటి?" అనేవాణ్ణి. "ఊఁ" అనేది. ఆ గొంతు మళ్లీ వింటానా అని లోపల ఒకటే భయం.

చాకిరీ అంతా నా భార్య సుగుణదే. తెల్లారకముందే లేచి గంజి కాచి, అమ్మకి స్నానం, కసరత్తు చేయించి, జడ వేసేది. నేను ఎనిమిదింటికి లేచి చక్రాల కుర్చీని వరండాలోకి తోసేవాణ్ణి. ఆ పది అడుగులే నా సేవ.

అమ్మ బతికి బయటపడ్డందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాం. పాటయ్యాక పాస్టర్‌గారు, "బ్రదర్, సాక్ష్యం చెప్పండి" అన్నారు. దేవుడు చేసిన మేలు చెప్పి కూర్చోవాలి, అంతే. నేను దేవుణ్ణి ఒక్క ముక్కలో తేల్చేసి నా సంగతికొచ్చాను.

"అమ్మకి గంజి నా చేత్తోనే కాస్తున్నానండి."

"ఆమేన్!" అన్నారందరూ.

ఆ ఆమేన్ ఉంది చూశారూ, కల్లు కంటే గట్టిగా ఎక్కుతుంది.

"నాలుగింటికే లేచి కాస్తున్నాను!"

"ఆమేన్!"

సుగుణ నా చొక్కా లాగింది. "బస్ కరోనండీ, కూర్చోండి."

"రుకో," అని గొంతు పెంచాను. "ఆఖరికి జడ కూడా నేనే వేస్తున్నాను!"

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, మా ఇంట్లో సేవ సుగుణది, సాక్ష్యం నాది.

"అబద్దం!"

ఎవరా అని చూశాను. అమ్మ! మొహం ఎర్రబడింది. ఎడమ చెయ్యెత్తి సుగుణని చూపిస్తోంది. "అబద్దం... అంతా... సుగుణే!"

"హల్లెలూయా! అమ్మ మాట్లాడింది!" అని పాస్టర్‌గారు అరిచారు. ఇల్లంతా నవ్వులు, చప్పట్లు. సుగుణ అమ్మని కావలించుకుని, "అత్తయ్యా, మళ్లీ అనండి" అని ఏడ్చింది. అమ్మ హాయిగా మళ్లీ అంది: "అబద్దం!" నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. అది ఆనందమే. సిగ్గు మరునాడు కొట్టు తెరిచాక వచ్చింది. "భయ్యా, ఆజ్ జడ వేశారా?" అని అడగని గిరాకీ లేడు.

అప్పటినుంచి నిజంగానే నాలుగింటికి లేచాను. సుగుణ జడ నేర్పింది. వంకరొస్తే అమ్మ "తియ్యి, మళ్లీ వెయ్యి" అనేది. నన్ను తిట్టీ తిట్టీ పోయిన మాటలన్నీ తిరిగి తెచ్చుకుంది. ఆ పొద్దుల కంటే మంచి రోజులు నాకు లేవు. సుగుణకి ఎంత రుణపడ్డానో చెప్పలేను.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ కూడికలో సాక్ష్యం చెప్పమన్నా, లేచి, సుగుణ పేరొక్కటి చెప్పి, కూర్చుంటాను. అమ్మ ఎదురుగా ఉంటే మరీను.