తడి గోనె కింద ముఖం

ఒక ముఖాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. అది నాది కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు. అన్నానికి కూర్చుంటే ఎదురుగా ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను. పిరికిదాన్నని అనుకుంటారా? అనుకోండి, నిజమే.

ఎనభైల మొదట్లో గుంటూరు దగ్గర ఒక యూనివర్సిటీలో శిల్పం నేర్చుకునేదాన్ని. మా ఆర్ట్ బిల్డింగులో కింది అంతస్తంతా స్టూడియో. పొడుగాటి హాలు, ఎత్తయిన కిటికీలు, ఒక మూల నాపరాళ్ళతో కట్టిన మట్టి తొట్టి. మట్టి బొమ్మ ఆరితే పగులుతుంది, మన ఎండలకైతే చెప్పనక్కర్లేదు. అందుకని సాయంత్రం వెళ్ళేముందు ఎవరి బొమ్మకు వాళ్ళు తడి గోనె కప్పి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టాలి. పాడైన బొమ్మను విరగ్గొట్టి తొట్టిలో వేస్తే, నీళ్ళలో నాని మళ్ళీ అందరికీ పనికొచ్చే మట్టి అవుతుంది. సెలవు రోజు ఆ హాల్లోకి వెళ్తే ముసుగులేసుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చున్నట్టుండేది. గోనెల్లోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారుతుండేవి. నాకు భయమే, పైకి మాత్రం నవ్వేదాన్ని.

సువార్త నాకంటే ఒక ఏడాది జూనియర్. అక్కా అక్కా అని నా వెనకాలే తిరిగేది. ప్రకాశం జిల్లా పల్లె, మిరప చేలల్లో కూలికి వెళ్ళే ఇల్లు. వాళ్ళమ్మ అంతకు ముందేడు జ్వరంతో పోయింది. ఆవిడకి ఒక్క ఫోటో కూడా లేదు. ఆ పిల్ల నాలుగు నెలలు కూర్చుని, జ్ఞాపకంలోంచి అమ్మ తలని మట్టిలో చేసింది. పూర్తయిన రోజు వాళ్ళ నాన్న వచ్చాడు. బొమ్మని చూడగానే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మట్టి బొమ్మ నిలవాలంటే అచ్చు తీసి ప్లాస్టరు పొయ్యాలి. ఆ ఏడు డిపార్ట్‌మెంటులో మిగిలింది ఒక్క బస్తా, ఒక్క తలకి సరిపోతుంది. ఆ తల హైదరాబాదు ఎగ్జిబిషన్‌కి వెళుతుంది. నాదే వెళుతుందని ఇంటికి ఉత్తరం కూడా రాసేశాను. మాస్టారు సువార్త బొమ్మని ఎంచారు, సోమవారం ప్లాస్టరు పోద్దామన్నారు. నా కడుపు మండిపోయింది. మా నాన్న చేలో కాయలు కోసేవాళ్ళలాంటి మనిషి ముఖం హైదరాబాదు వెళ్ళడమేమిటి అని కూడా అనిపించిందా? అనిపించింది. అది దాచి మిగతాది చెప్పి ఏం లాభం?

శనివారం సాయంత్రం సువార్త నా కళ్ళెదురుగానే గోనె తడిపింది. రెండు చెంబులు పోసింది. కట్టు బిగించి బస్సుకి పరిగెత్తింది, ఆదివారం ఊళ్ళో చర్చికి.

ఆదివారం పొద్దున నేను వెళ్ళాను. కట్టు విప్పి, గోనెని కిటికీ మీద ఆరేశాను. బొమ్మ ఉన్న స్టాండుని తిప్పి ముఖాన్ని ఎండకి పెట్టాను. పది నిమిషాల పని. ఇక వెళ్ళిపోవచ్చు. ఎందుకు వెళ్ళలేదు? ఇప్పటికీ తెలియదు. స్టూలు మీద కూర్చున్నాను. వడగాలి మొదలైంది. మధ్యాహ్నానికి మట్టి రంగు తేలిపోయి, చప్పుడు వినిపించింది. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. పెదవి చివర సన్నని గీత పుట్టి, నేను చూస్తుండగానే చెంప మీదుగా చెవిదాకా పాకింది. నోరు తెరుచుకుంటోంది, ఏదో అనబోతోంది, అమ్మో, నా పేరే అనబోతోంది అనిపించి, ఎండిన గోనె దాని మీద కప్పేసి బయటికి పరిగెత్తాను. కట్టు మాత్రం అచ్చం సువార్త కట్టినట్టే కట్టాను చూడండి! అంత భయంలోనూ ఆ తెలివి ఎక్కడికీ పోలేదు.

సోమవారం గోనె తియ్యగానే ముఖం రెండు పెచ్చులై ఊడి పడింది. సువార్త ఏడవలేదు. గోనెని తడిమి చూసింది. పొడిగా ఉంది. నావైపు తిరిగింది.

"అక్కా, శనివారం నేను తడిపాను గదా? నువ్వక్కడే ఉన్నావుగా."

"ఏమోనే. బస్సు పోతుందని హడావిడిగా పరిగెత్తావు. తడిపినట్టు లేదు."

"తడిపాననే అనుకున్నానక్కా..." తన చేతులకేసి చూసుకుంది. "మర్చిపోయుంటాన్లే. మా అమ్మని నేనే పోగొట్టుకున్నాను."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. ఛీ, ఏం మనిషిని!

ప్లాస్టరు నా బొమ్మకి వచ్చింది. అది మా తాతయ్య తల. మూతి నాకు మొదట్నుంచీ కుదరలేదు. దాన్ని గీకేసి, తొట్టిలోంచి మట్టి తీసి మళ్ళీ పెట్టాను. ఆ తొట్టిలో నానుతున్నది సువార్త వాళ్ళమ్మ ముఖం. అది తెలిసే తీశాను. ప్లాస్టరు పోసి అచ్చు విప్పాక చూస్తే, మా తాతయ్య ముఖంలో ఆవిడ నోరుంది. పెదవి చివరి వంపుతో సహా. ఆదివారమంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను గనక నా వేళ్ళకి పట్టుబడిందా? అయ్యుండొచ్చు. అలా అనుకుంటేనే నిద్ర పడుతుంది. అందరూ భలే ఉందన్నారు. సువార్త చాలాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయింది. తర్వాత రెండుసార్లు అమ్మ తలని మళ్ళీ మొదలుపెట్టింది. రెండుసార్లూ మూతి దగ్గరే ఆగిపోయింది. ఎంత తలుచుకున్నా నోరు గుర్తు రావడం లేదనేది. ఆ ఏడాది చివర్న చదువు మానేసింది.

ఆరేడేళ్ళకి గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు ముందు కనిపించింది. చంకలో బిడ్డ. అరచేతి మీద పెన్నుతో రాసుకుని ఉంది: పొయ్యి, తాళం, పాలు. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది. "నా మతిమరుపు సంగతి నీకు తెలుసుగా అక్కా. పిల్లకి పాలు పట్టానా లేదా అన్నది కూడా మా ఆయన్నే అడుగుతా. నా మీద నాకే నమ్మకం లేదు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. సోడా తాగుతావా అని అడిగాను.

సువార్తకి మతిమరుపు లేదు. ఎప్పుడూ లేదు. ఆ గోనె ఎండబెట్టింది నేను, తడపలేదని అబద్ధమాడింది నేను. క్షమించమని అడగలేను. అడిగితే, ఊరుకో అక్కా అనేస్తుంది, అది ఇంకా భరించలేను. మీతో చెప్పాక గుండె కొంచెం తేలికపడిన మాట నిజం. ఆమెకి మాత్రం ఇంకా ఏమీ తెలియదు. ఈపాటికి ఏ వీధి మలుపు దగ్గరో ఆగి, పొయ్యి ఆర్పానో లేదో అని ఇంటికి వెనక్కి నడుస్తూ ఉంటుంది.