నానమ్మ మెచ్చిన చందమామ

ఆ రోజుల్ల మెడల కెమెరా ఏలాడితే చాలు, మనిషి కళాకారుడైనట్టేనని నా గట్టి నమ్మకం. కొత్తగ నౌకరి దొరికింది. ఆబిడ్స్‌ల పొడుగు జూమ్ లెన్సున్న ఒక పాత కెమెరా కొన్న. (దాంతోని ఒక పుస్తకం గూడ ఇచ్చిన్రు. కళాకారులకు పుస్తకాలెందుకని అటక మీద పడేసిన.) ఇంట్ల అందరి ముందట ఎలాన్ చేసిన, "పున్నమి నాడు చందమామను ఫోటో దించుత, కుందేలు సుత కనిపిస్తది, చూస్తుండున్రి!"

పున్నమి రానే వచ్చింది. నాంపల్లిల మా కిరాయింటి మిద్దె మీద, నీళ్ల ట్యాంకు అంచున కెమెరా పెట్టి, చీకటి గద, వెలుతురు లోపలికి బాగ పోవాలె అని పది సెకన్లు షటర్ తెరిచి పెట్టిన. ఎంత తెలివి! ప్రింటు చూసి అక్క, "ఏందిరా, ఇడ్లీని దించినవా?" అన్నది. నాయిన పేపర్ అడ్డం పెట్టుకొని నవ్విండు. నానమ్మ ఒక్కతే దాన్ని కండ్ల కాడ పెట్టుకొని, "మస్తుంది బిడ్డా, అచ్చం చందమామనే" అన్నది. నేను ఉబ్బిపోయిన. కళను గుర్తుపట్టేటోళ్లు ఇంటికొక్కరన్న ఉంటరు గద!

అయినా ఇడ్లీ మాట గుచ్చుకున్నది. ఆబిడ్స్‌ల ప్రింట్లేసే స్టూడియో అన్నకు చూపించిన. "చీకటి నీ మిద్దె మీదుంది భై, చంద్రుని మీద గాదు. గాడ పట్టపగలు ఎండ కొడ్తుంది. ఎండల తీసినట్టే తియ్యి. ఐఎస్ఓ వంద, లెన్సు కన్నం ఎఫ్ పదకొండు, షటర్ సెకనుల నూరో వంతు" అన్నడు. (అటక మీది పుస్తకంల గూడ గిదే ఉన్నదట. ఆ సంగతి ఇప్పటిదాంక ఇంట్ల చెప్పలే.)

మల్లొచ్చిన పున్నమికి గట్లనే తీసిన. కుందేలు చెవులతో సహా పడ్డది. అక్క చేతులకెల్లి గుంజుకొని మరీ చూసింది. నానమ్మ చేతుల పెడితే, "గీ మరకలేందిరా? ఖరాబ్ చేసినవ్! చందమామ తెల్లగ ఉంటడు గద" అన్నది.

నా నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు నన్ను సంకలెత్తుకొని, గదిగో కుందేలు అని చూపించింది ఈమెనే.

"నానమ్మా, నీకు కుందేలు కనిపిస్తలేదా?"

"ఎన్నడో పోయిందిరా" అన్నది మెల్లగ. "చెప్తే దవాఖానకు తోల్కపోతరని చెప్పలే." నాకు ఏడుపొచ్చింది.

కండ్లల్ల పొరలకు ఆపరేషన్ అయింది, పట్టి తీసిన్రు. నానమ్మ ఫోటోలు రెండూ ముందటేసుకున్నది. రెండోదాన్ని చూసి, "ఔ, గిదే నా కుందేలు" అని మురిసింది. మొదటిదాన్ని తిప్పి తిప్పి చూసి, "గీ ఇడ్లీని ఎవడు దించిండురా?" అన్నది.

నా కళకు భూమ్మీదున్న ఒక్కగానొక్క అభిమానికి నేనే దగ్గరుండి కండ్లు బాగ చేయించిన. ఆ ఇడ్లీ ఫోటో ఇప్పటికీ నా పర్సులనే ఉంది.