మంచు మీద తొండ

ఉద్యోగమంటే పాఠం చెప్పడమేనని నేను మనసారా నమ్మిన రోజులవి. బీఎడ్ కాగానే దాచేపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. బయోస్ఫియర్ పాఠమంటే నాకు మహా ఇష్టం. భూమ్మీద ప్రాణం ఉన్న చోటంతా కలిపితే బయోస్ఫియర్, అందులో ఒకే తీరు వాతావరణం, చెట్టుచేమలు ఉన్న పెద్ద పెద్ద ప్రాంతాలు బయోమ్‌లు, ఒక్కో బయోమ్‌లో లెక్కలేనన్ని ఎకోసిస్టమ్‌లు అని చేతులు గుండ్రంగా తిప్పుతూ చెప్పేదాన్ని. (పిల్లలు నాకు ఫ్యాను మేడమ్ అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది.)

సైన్సు ఎగ్జిబిషన్ వచ్చింది. ఊరి పక్క గుట్ట కూడా ఒక ఎకోసిస్టమేనని చూపించాలని నాకు ఉబలాటం. ఎనిమిదో తరగతి పిల్లలు గాజు తొట్టెలో గుట్టమీది మట్టి, సున్నపురాళ్ళు, రేగుకంప, చీమలు, వాటిని తినే ఒక తొండ, అన్నీ అమర్చారు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ప్రశ్నమ్మ అని పిలిచే అమ్మాయి వాళ్ళకు నాయకురాలు. కరస్పాండెంట్ గారు వచ్చి తొంగిచూశారు.

"ఏందమ్మా ఈ కంపలు? ఇయ్యి చూట్టానికి పేరెంట్సు స్కూలు దాకా రావాలా?"

సాయంత్రానికల్లా గుంటూరు నుంచి థర్మాకోల్ మంచు, ప్లాస్టిక్ పెంగ్విన్లు, తెల్ల ఎలుగుబంటి దిగాయి. (ఒకటి దక్షిణ ధ్రువానిది, ఇంకోటి ఉత్తర ధ్రువానిది అని గొణిగితే, ఉన్నది ఒక్క టేబులేనని ఆయన జవాబు.) మా తొట్టెను టేబులు కిందకి తోసి గుడ్డ కప్పారు.

మర్నాడు ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు సరిగ్గా ఆ మంచు ముందు నిలబడ్డప్పుడు, గుడ్డ సందులోంచి బయటపడిన తొండ టేబులెక్కి, ఎలుగుబంటి నెత్తి మీద కూర్చుని తల ఊపడం మొదలుపెట్టింది. ఇది ఏ దేశపు జంతువని ఆయన అడిగారు.

"తొండ సార్. మన గుట్టది. దీని బయోమ్ వేరే. నిజం మంచులో అయితే చచ్చిపోద్ది" అంది ప్రశ్నమ్మ.

నాయకుడు పగలబడి నవ్వారు. కరస్పాండెంట్ గారూ నవ్వారు. గెలిచామనుకుని నేనూ నవ్వాను. అతిథి టిఫిను గదిలోకి వెళ్ళగానే, కరస్పాండెంట్ గారు సైగ చేస్తే అటెండరు కర్రతో ఆ తొండను మంచు మీదే కొట్టి చంపాడు. రేపటి నుంచి ఒకటో తరగతికి రైమ్స్ చెప్పమని నాకు అక్కడే ఆర్డరు. సైన్సు, గైడు చూసి చదివించే ఇంకో సారుకి పోయింది.

ప్రశ్నమ్మ తొట్టె దగ్గరే కూర్చుని ఉంది. ఏడవలేదు.

"మేడమ్, మరి ఇప్పుడు ఈ చీమల్ని ఏది తింటది?"

ఏడాదంతా నేను చెప్పిన పాఠం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. కొత్త సారును అడగమన్నాను. ఆ పిల్ల ఆయన్ని అదీ అడగలేదు, ఇంకేమీ అడగలేదు. బాగా నెమ్మదస్తురాలైందని స్టాఫ్‌రూమ్‌లో అందరూ మెచ్చుకున్నారు.

తొట్టెడు మట్టితో స్కూలును మార్చేద్దామనుకున్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ మెచ్చుకోలు గుర్తొచ్చేదాకా నవ్వుకుంటాను.